రోజూవారీకి పనికొచ్చే రెడ్, వైట్ వైన్ చెప్పండి, జేబు చిల్లు పడకూడదు

కొత్త_గ్లాసు
అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నేనూ మావారూ వారంలో రెండు మూడు సాయంత్రాలు చెరో గ్లాసు తాగుతాం, అంతకు మించి లేదు. దానికోసం ఇంట్లో ఎప్పుడూ ఉంచుకోదగ్గ ఒక రెడ్, ఒక వైట్ కావాలి. పెళ్లిరోజుకి తీసే ఖరీదైన సీసా గురించి కాదు నేను అడిగేది, మామూలు మంగళవారం సాయంత్రం గురించి.

పోయిన నెల ఒక రెడ్ కొన్నాం. సీసా ఎత్తితే ఇటుక ఎత్తినట్టుంది, అడుగున వేలు సగం దూరేంత గుంట, పైన బంగారు అక్షరాల్లో రిజర్వ్ అని. పోస్తే జామ్ వాసన, వెనిలా వాసన, మింగాక గొంతులో మంట. ఇద్దరం సగం గ్లాసు దాటలేకపోయాం. మర్నాడు మిగతాది సింకులో పోస్తుంటే మనసు చివుక్కుమంది. వైట్ అంటే ఎప్పుడూ పీనో గ్రీజో తెచ్చుకుంటాం, అది చప్పగా ఉంటుంది, చెడ్డదని అనలేను కానీ తాగిన గుర్తే ఉండదు. లేబుల్ మీద ఏం చూసి కొనాలో చెప్పండి, దయచేసి.

ద్రాక్షతీగ
స్వాగతం అమ్మా. మీరు అడిగింది ఈ చర్చల్లో అందరికంటే పనికొచ్చే ప్రశ్న, ఎందుకంటే ఖరీదైన సీసా బాగుండటంలో వింత లేదు, తక్కువలో బాగున్నదాన్ని పట్టుకోవడంలోనే పనితనం ఉంది.

నేను ఇరవై ఏళ్లుగా పాటించే పద్ధతి ఒక్కటే. పేరున్న ఊరు వదిలెయ్యండి, దాని పక్క ఊరు చూడండి. పొరుగింటి పుల్లకూర రుచి అన్న మాట వైన్ విషయంలో అక్షరాలా నిజం. ఫ్రాన్స్‌లో రోన్ నది దిగువన షాతోనెఫ్ ద్యు పాప్ అని ఒక ఊరు ఉంది, దాని పేరుకే సగం ధర. దాని చుట్టూ అదే ఎండ, అదే గాలి, అవే ద్రాక్షలు, అంటే గ్రెనాష్, సిరా, మూర్వెద్ర్. వాటితో చేసినదాన్ని కోత్ ద్యు రోన్ అంటారు. ఒక మెట్టు పైకి కావాలంటే అదే పేరు పక్కన విలాజ్ అన్న మాట ఉన్నది తీసుకోండి, ఆ మాట వాడుకోవడానికి నిబంధనలు కాస్త గట్టిగా ఉంటాయి. ఎర్రపండ్ల వాసన, మిరియం లాంటి చిన్న ఘాటు, వగరు మితంగా. మీ మంగళవారానికి సరిగ్గా అదే.

ఇంకోటి స్పెయిన్ రియోహా, అందులో క్రియాంసా అని రాసి ఉన్నది. ఇక్కడ ఆ మాట అలంకారానికి రాసింది కాదు, చట్టం. రెడ్ అయితే కనీసం రెండేళ్లు ఆగాలి, అందులో కనీసం ఒక ఏడాది ఓక్ పీపాలో ఉండాలి, అప్పుడే ఆ మాట వేసుకోనిస్తారు. రిజర్వా అంటే మూడేళ్లు, గ్రాన్ రిజర్వా అంటే ఐదేళ్లు. అంటే మీ బదులు వాళ్లే నిలవ పెట్టి, తాగడానికి తయారయ్యాక అమ్ముతున్నారన్నమాట. ఇన్నేళ్లు పీపా పట్టి కూర్చున్న వైన్ ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నారా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వైట్ గురించి రాత్రికి రాస్తాను, అది తొందరలో రాసే విషయం కాదు.

పీపా_కబుర్లు
అక్కా, మీ బంగారు అక్షరాల సీసా కథ చదివి బాధేసింది, ఎందుకంటే అందరం ఆ గుంటలో పడ్డవాళ్లమే. మూడు సంగతులు చెప్తాను.

సీసా బరువుకీ లోపలి సరుకుకీ సంబంధం లేదు. ఖాళీ సీసా నాలుగు వందల గ్రాములదీ ఉంటుంది, తొమ్మిది వందల గ్రాములదీ ఉంటుంది, వైన్ మాత్రం రెండింట్లోనూ అదే 750 మిల్లీలీటర్లు. ఆ అదనపు గాజుకి, దాన్ని మోసుకొచ్చిన రవాణాకి డబ్బు కట్టింది మీరే. అడుగున గుంట కూడా అంతే, పొంగే వైన్ సీసాలకి ఒత్తిడి తట్టుకోవడానికి అది అవసరం, మామూలు రెడ్‌కి ఆ అవసరం లేదు.

రిజర్వ్ అన్న మాట స్పెయిన్‌లో, ఇటలీలో (అక్కడ రిజర్వా అంటారు) చట్టం కింద వస్తుంది, ద్రాక్షతీగ గారు చెప్పినట్టు. కానీ ఇంగ్లీషులో రిజర్వ్ అని రాసి అమెరికా నుంచి వచ్చిందనుకోండి, దానికి అక్కడ చట్టపరమైన అర్థమే లేదు. ఎవరైనా రాసుకోవచ్చు. పాత తీగల ద్రాక్ష అన్న మాటా చాలా దేశాల్లో అంతే, ఎన్నేళ్ల తీగ పాతదో ఎవరూ నిర్ణయించలేదు.

ఇక ఆ వెనిలా వాసన, అది ఓక్ చెక్క నుంచి వచ్చేది. మంచి ఓక్ పీపా 225 లీటర్లది, చాలా ఖరీదు. తక్కువ ధర వైన్‌కి కొత్త పీపా వాడితే గిట్టదు. కాబట్టి స్టీలు ట్యాంకులో ఓక్ చెక్కముక్కలు వేసి నానబెడతారు. అది తప్పేమీ కాదు, యూరప్‌లో కూడా 2006 నుంచి అనుమతించారు. కానీ చెయ్యి జారితే ద్రాక్ష రుచి పోయి చెక్క రుచే మిగులుతుంది, మీకు తగిలింది అదే అని నా అనుమానం. అందుకే తక్కువ ధరలో కొనేటప్పుడు ఓక్ గురించి గొప్పగా రాసినవాటికంటే, ఓక్ మాటే లేని కుర్ర వైన్లు నయం.

సాయంత్రం_ఆరు
రెడ్ అంటే మోంటెపుల్చానో. తక్కువలో అంత నమ్మకంగా ఇంకోటి లేదు. కళ్లు మూసుకుని కొనండి.

మట్టివాసన
కళ్లు మూసుకుని కొంటే తికమక పడతారు అన్నా, ఆ పేరుతో రెండున్నాయి.

మీరు చెప్పేది మోంటెపుల్చానో దబ్రూత్సో. అందులో మోంటెపుల్చానో అన్నది ద్రాక్ష పేరు, అబ్రూత్సో అన్నది ఇటలీ తూర్పున సముద్రం వైపు ప్రాంతం పేరు. ముదురు రంగు, చెర్రీ లాంటి పండు రుచి, తక్కువ ధర. రెండోది వీనో నోబిలే ది మోంటెపుల్చానో. అక్కడ మోంటెపుల్చానో అన్నది టస్కనీలో ఒక ఊరి పేరు, దాన్ని ముఖ్యంగా సాంజోవేజే అనే వేరే ద్రాక్షతో చేస్తారు, ధర పైమాటే. ఒకటి తాగాలనుకుని ఇంకోటి తెచ్చుకుంటే చెడిపోయిందనుకుంటారు, ఎందుకంటే రెండోదాంట్లో పులుపూ వగరూ బాగా ఎక్కువ.

ఇటలీ పక్క ఊళ్ల గురించి ఒక మాట. బరోలో కొనలేకపోతే అదే నెబియోలో ద్రాక్షతో చేసిన లాంగే నెబియోలో చూడండి. బ్రునెల్లో అందకపోతే రోస్సో ది మోంటాల్చీనో, అదే కొండ, అదే ద్రాక్ష, కాకపోతే తక్కువకాలం నిలవ. ఇవి రోజూవారీ కంటే ఒక మెట్టు పైన, ఆదివారానికి అనుకోండి. రోజూవారీకి నా ఓటు బర్బేరా అనే ఇటలీ ఎర్ర ద్రాక్షకి. పులుపు ఎక్కువ, వగరు తక్కువ, తాగేకొద్దీ నోరూరుతుంది.

సాయంత్రం_ఆరు
అవును దబ్రూత్సోనే. పూర్తి పేరు రాయాల్సింది, మంచి మాట చెప్పారు.

ద్రాక్షతీగ
వైట్ గురించి చెప్తానన్నాను కదా.

పీనో గ్రీజో ద్రాక్షలో తప్పు లేదు. చౌక సీసాల కోసం ఒక్కో తీగ నుంచి ఎంత పిండితే అంత పండు పిండుతారు, బాగా పండకముందే కోస్తారు, అందుకే నీళ్లలా ఉంటుంది. ఒక తీగకి ఉన్న సత్తువ పది గుత్తులకి పంచితే ఒక రుచి, ముప్పై గుత్తులకి పంచితే ఇంకో రుచి. ఇటలీలోనే ఆల్టో అడీజే కొండల నుంచి వచ్చిన పీనో గ్రీజో తాగి చూడండి, అదే ద్రాక్షేనా అనిపిస్తుంది.

కానీ నేను మీకు చెప్పాలనుకున్నది మస్కడే. ఫ్రాన్స్‌లో ల్వార్ నది సముద్రంలో కలిసే చోట, నాంత్ పట్నం దగ్గర పండుతుంది. ద్రాక్ష పేరు మెలాన్ ద బుర్గోన్. లేబుల్ మీద సెవ్ర్ ఎ మేన్ అని, దాని కింద సుర్ లీ అని ఉందో లేదో చూడండి. సుర్ లీ అంటే మడ్డి మీద అని. పులిసిన తర్వాత అడుగున దిగిన ఈస్టు మడ్డిని తీసెయ్యకుండా, వైన్‌ని శీతాకాలమంతా దానిమీదే ఉంచి, వసంతంలో నేరుగా సీసాల్లోకి నింపుతారు. ఆ మడ్డి వల్ల వైన్‌కి కాస్త ఒళ్లు వస్తుంది, వెన్నెల్లో తడిసిన రాయి లాంటి ఒక చల్లని ఉప్పదనం వస్తుంది. నాలుక మీద సన్నగా చిటపటలాడినట్టు కూడా ఉంటుంది ఒక్కోసారి, అది మిగిలిన గ్యాసు, కంగారు పడకండి. ఆల్కహాలు 12 శాతం దగ్గర. ఇంత శ్రమపడి చేసిన వైన్‌కి ఇంత తక్కువ ధర ఎందుకంటే, ఆ పేరు ఫ్యాషన్‌లో లేదు, అంతే.

రెండోది దక్షిణాఫ్రికా షెనిన్ బ్లాంక్. ఈ ద్రాక్ష పుట్టిల్లు ఫ్రాన్స్ ల్వార్ లోయే అయినా, ప్రపంచంలో అన్ని దేశాలకంటే ఎక్కువ సాగు దక్షిణాఫ్రికాలో ఉంది. అక్కడ పాత తోటలు బోలెడు మిగిలాయి. ఆపిల్, తేనె వాసన, దాని వెనకే గట్టి పులుపు. చప్పదనం మీకు నచ్చలేదన్నారు కాబట్టి మస్కడే కంటే ముందు ఇదే కొనమంటాను.

నది_ఒడ్డు
రెడ్‌ని ఎంత వేడిలో తాగుతున్నారు?

అందరూ సీసా పేర్లు చెప్తున్నారు, ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. రెడ్ గది వేడిలో తాగాలన్న మాట పాతకాలపు చల్లటి రాతి ఇళ్లలో పుట్టింది. రెడ్‌కి 15 నుంచి 18 డిగ్రీలు, తేలికపాటి రెడ్ అయితే 12–14 చాలు. గది 28 డిగ్రీలుంటే ఆల్కహాలు ముందు ముక్కుకి కొడుతుంది, పండు రుచి వెనక్కి పోతుంది, గొంతు మంట అక్కడినుంచే. తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. వైట్‌కి దీనికి తలకిందులు, ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంత చల్లగా తాగితే ఏ వైన్ అయినా చప్పగానే ఉంటుంది. పావుగంట ముందు బయట పెట్టండి. మీ పీనో గ్రీజో కథలో సగం ఇదేనేమో.

కొత్త_గ్లాసు
నది_ఒడ్డు గారూ, మీరన్నది నిజం, రెడ్ అలమరాలో పెడతాం, వైట్ ఫ్రిజ్ లోపలి మూల నుంచి తీసి తీయగానే పోసుకుంటాం. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు నాకు.

ఇంకో చిన్న సందేహం. మావారికి తీపి అస్సలు పడదు. సీసా మీద తీపి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఒకసారి రీస్లింగ్ అనే వైట్ తెస్తే పానకంలా ఉంది.

లెక్కల_మాస్టారు
దీనికి ఒక సులువైన లెక్క ఉందమ్మా. ఆల్కహాలు శాతం చూడండి. ద్రాక్షలోని చక్కెరని ఈస్టు తిని ఆల్కహాలు చేస్తుంది. పూర్తిగా తినేస్తే ఆల్కహాలు పెరుగుతుంది, తీపి పోతుంది. మధ్యలో ఆపేస్తే తీపి మిగులుతుంది, ఆల్కహాలు తక్కువ ఉంటుంది. కాబట్టి జర్మన్ రీస్లింగ్ మీద 8, 9 శాతం అని ఉంటే తీపి ఉన్నట్టే. 12 దాటితే దాదాపు తీపి ఉండదు. ట్రోకెన్ అన్న మాట ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు, జర్మన్‌లో దాని అర్థమే తీపి లేనిది అని. అలాగని ఈ లెక్క అన్నిటికీ కుదరదు, పోర్చుగల్ వీన్యో వెర్డే పది పదకొండు శాతంలోనే తీపి లేకుండా ఉంటుంది, అక్కడ పండు త్వరగా కోస్తారు కాబట్టి.

యూరప్ నిబంధనల్లో డ్రై అంటే లీటరుకు 4 గ్రాముల చక్కెర లోపు, పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల దాకా ఒప్పుకుంటారు. పులుపు తీపిని కప్పేస్తుంది, నాలుకకి తెలీదు. మీరు కొన్న బంగారు అక్షరాల రెడ్ లాంటివాటిలో మాత్రం మెత్తగా అనిపించడానికి తీపి కావాలనే మిగులుస్తారు. దాన్నే జనం స్మూత్ అంటారు. వెనక లేబుల్ మీద ఆ మాట పెద్దగా కనిపిస్తే మీవారికి పడదని అనుకోండి.

రీస్లింగ్‌ని మాత్రం ఒక్క సీసాతో వదిలెయ్యొద్దు. అది వదులుకునే ద్రాక్ష కాదు.

పచ్చితీగ
అందరూ యూరప్ యూరప్ అంటున్నారు. అన్నీ అక్కడి పేర్లే అయితే కొత్తగా వచ్చినవాళ్లు భయపడిపోతారు. ఆ లేబుళ్ల మీద ద్రాక్ష పేరు కూడా ఉండదు, ఊరి పేరు చూసి ద్రాక్ష ఊహించుకోవాలి. అర్జెంటీనా మాల్బెక్, చిలీ కార్మెనేర్, న్యూజిలాండ్ మార్ల్‌బరో సోవిన్యో బ్లాంక్, ఇవి ద్రాక్ష పేరుతోనే దొరుకుతాయి, సీసా సీసాకి రుచి పెద్దగా మారదు, స్క్రూ మూత, తిప్పితే వస్తుంది. రోజూవారీ వైన్‌కి ఇంతకంటే ఏం కావాలి?

కార్మెనేర్ కథ మీకు తెలుసో లేదో. అది పుట్టింది ఫ్రాన్స్ బోర్డోలో. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా అనే పురుగు యూరప్ తోటల్ని నాశనం చేశాక అక్కడ దాదాపు కనుమరుగైంది. కానీ అంతకుముందే చిలీకి వెళ్లిన మొక్కలు బతికాయి, చిలీకి ఆ పురుగు చేరలేదు. దశాబ్దాల తరబడి చిలీవాళ్లు దాన్ని మెర్లో అనే వేరే ద్రాక్ష అనుకునే పెంచారు. 1994లో ఝాన్-మిషెల్ బూర్సికో అనే ఫ్రెంచి ద్రాక్షల నిపుణుడు తోటలో ఆకులు చూసి ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని గుర్తుపట్టాడు. పోయిందనుకున్న బిడ్డ వేరే ఇంట్లో వేరే పేరుతో పెరిగి దొరికినట్టు. మెర్లో కంటే ఆలస్యంగా పండుతుంది, ముందే కోస్తే పచ్చి క్యాప్సికం వాసన కొడుతుంది. పేరు తెలిశాక ఆగి కోయడం నేర్చుకున్నారు, వైన్ బాగుపడింది.

మట్టివాసన
పచ్చితీగ తమ్ముడు చెప్పింది న్యాయమే. అయితే మార్ల్‌బరో సోవిన్యో నాకు మొదటి గ్లాసు వరకే బాగుంటుంది. వాసన ఎంత గట్టిగా ఉంటుందంటే గ్లాసు పక్కన పెట్టినా అదే. అదే ద్రాక్ష ల్వార్‌లో తురేన్ నుంచి తెచ్చుకోండి, ఈ ద్రాక్షకి పేరున్న సాన్సేర్‌దీ ఆ నది లోయే, దాని ధరలో సగం, గొంతు పెంచి మాట్లాడదు.

ద్రాక్ష పేర్ల భయం కూడా ఒకసారి తెలిస్తే పోతుంది. గ్రెనాష్, గర్నాచా, కన్నోనావ్ మూడూ ఒకటే, ఫ్రాన్స్, స్పెయిన్, సార్డీనియా పేర్లు. సిరా, షిరాజ్ ఒకటే. మూర్వెద్ర్‌ని స్పెయిన్‌లో మొనాస్ట్రెల్ అంటారు. ఇటలీ ప్రిమితీవో, కాలిఫోర్నియా జిన్‌ఫాండెల్ ఒకే తీగ. ఇది తెలిస్తే కోత్ ద్యు రోన్ నచ్చినవాళ్లు స్పెయిన్‌లో కలతాయుద్, క్యాంపో ద బోర్హా గర్నాచాలకి, హుమియా మొనాస్ట్రెల్‌కి వాళ్లంతట వాళ్లే వెళ్తారు. కరువు నేలలో గిడసబారిన ముసలి తీగలు, గుత్తులు తక్కువ, రసం చిక్కన. రెడ్‌లో ఇంతకంటే గిట్టుబాటు నేను చూడలేదు. కాకపోతే ఆల్కహాలు 14, 15 కూడా ఉంటుంది, చూసి పోసుకోండి.

నిదానం
కొంచెం అడ్డొస్తున్నాను, ఎవరూ నొచ్చుకోవద్దు. శీర్షికలో రోజూవారీ అని ఉంది. నేను ఆస్పత్రిలో పనిచేస్తాను, అందుకని చెప్పకుండా ఉండలేను. ఆల్కహాలు ఇంతవరకు తాగితే పర్వాలేదు అని చెప్పగల హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. రెడ్ వైన్ గుండెకి మంచిదని మొదలుపెట్టినవాళ్లని చూశాను, ఆ కారణంతో ఎవరూ తాగొద్దు. 13 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో దాదాపు 15 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, పెద్ద గ్లాసుల్లో కళ్లతో కొలిస్తే 150 అనుకున్నది 220 అవుతుంది. ఒకసారి కొలపాత్రతో కొలిచి, గ్లాసులో ఎక్కడిదాకా వస్తుందో చూసి పెట్టుకోండి. తాగని రోజులు తాగే రోజులకంటే ఎక్కువ ఉండాలి. వైన్ నాకూ ఇష్టమే, మస్కడే సంగతి చదివి రాసుకున్నాను కూడా.

కొత్త_గ్లాసు
నొచ్చుకోవడం ఏమీ లేదండీ. ఇవాళ కొలిచి చూశాను. నేను ఒక గ్లాసు అనుకుంటున్నది 210 ఉంది. మా గ్లాసు పొట్ట అన్నిటికంటే వెడల్పుగా ఉండేచోటు కంటే ఒక వేలు కింద ఆపితే 150 అవుతోంది. చూడటానికి తక్కువే కానీ వాసన తిరగడానికి చోటు మిగిలి ఇంకా బాగుంది.

అలా అయితే సీసా ఖాళీ అయ్యేసరికి నాలుగైదు రోజులు పడుతుంది. చెడిపోదా?

పీపా_కబుర్లు
బిరడా పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, రెడ్ అయినా సరే. గాలి తగిలితే వైన్ వెనిగర్ వైపు నడుస్తుంది, చల్లదనం ఆ నడకని నెమ్మది చేస్తుంది. వైట్ మూడు నుంచి ఐదు రోజులు, రెడ్ మూడు నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. ఇంకా మంచి ఉపాయం, సగం సీసా, అంటే 375 మిల్లీలీటర్లది స్క్రూ మూతది ఒకటి కడిగి ఆరబెట్టి ఉంచుకోండి. పెద్ద సీసా తెరవగానే సగం అందులోకి అంచుదాకా నింపి మూత బిగించెయ్యండి. గాలికి చోటే ఉండదు, వారం దాటినా పర్వాలేదు. నేను ఈ పని మొదలుపెట్టాక సింకులో పోసింది లేదు.

డబ్బా వైన్ కూడా తక్కువగా చూడొద్దు. లోపల సంచి, బయట అట్టపెట్టె, కొళాయి. ఆస్ట్రేలియాలో థామస్ ఆంగోవ్ 1965లో పేటెంటు తీసుకున్న ఆలోచన అది. పోసేకొద్దీ సంచి ముడుచుకుంటుంది కాబట్టి గాలి లోపలికి రాదు, తెరిచాక నాలుగు వారాలైనా ఉంటుంది. మీలాగా కొద్దికొద్దిగా తాగేవాళ్లకి అదే సరైనది. ఒకటే జాగ్రత్త, తెరవకపోయినా ఏడాదికి మించి నిలవ ఉండదు, నింపిన తేదీ చూసి కొనండి.

సాయంత్రం_ఆరు
రెడ్ తాగితే నాకు తలనొప్పి, వైట్‌కి రాదు. వైన్ చెడకుండా వేసే సల్ఫైట్ల వల్ల అంటారు, నిజమేనా?

లెక్కల_మాస్టారు
సల్ఫైట్లు వైట్‌లోనే ఎక్కువ. యూరప్ పరిమితి డ్రై రెడ్‌కి లీటరుకు 150 మిల్లీగ్రాములు, డ్రై వైట్‌కి 200. అవే కారణమైతే మీకు వైట్‌తో ముందు రావాలి. కొందరికి, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవాళ్లకి సల్ఫైట్లు పడకపోవడం వేరే సంగతి, అప్పుడు డాక్టరుని అడగాల్సిందే. తలనొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే రెడ్ మానెయ్యండి అన్నా, వైట్‌లో తాగడానికి చాలా ఉంది.

నది_ఒడ్డు
ఫ్రాన్స్ బోజొలే ప్రాంతం రెడ్ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? నవంబరులో మూడో గురువారం హడావుడిగా అమ్మే నూవో, అంటే ఆ ఏటి కొత్త వైన్, తాగి అదే బోజొలే అనుకుంటారు జనం. అక్కడ పది పల్లెప్రాంతాలకి సొంత పేర్లున్నాయి, మోర్గాన్, ఫ్లూరీ, బ్రూయీ, మూలాన్ ఆ వాన్ లాంటివి. చాలా సీసాల మీద బోజొలే అన్న మాటే పెద్దగా కనబడదు, ఆ ఊరి పేరే ఉంటుంది, అందుకే జనానికి తెలియదు. ద్రాక్ష గామే. 1395లో బుర్గుండి ప్రభువు ఈ ద్రాక్ష పనికిరానిదని తన నేలమీద నుంచి పీకించమన్నాడు, అది దక్షిణాన గ్రానైట్ గుట్టల మీద చక్కగా కుదురుకుంది. వగరు తక్కువ, గులాబీ, చెర్రీ వాసన, 13 శాతం దగ్గర. చల్లగా తాగే రెడ్ ఇదే. అక్కా, గొంతు మంట అన్నారు కాబట్టి కోత్ ద్యు రోన్ కంటే ముందు మీకు ఇది చెప్తాను.

ద్రాక్షతీగ
ఒప్పుకుంటున్నాను. నా మాట మీద ఇది రాసినందుకు సంతోషం కూడా. మంట పడనివాళ్లకి గ్రెనాష్ కంటే గామే మంచి మొదలు.

కొత్త_గ్లాసు
మూడు వారాలైంది, చెప్పి తీరాలి అని వచ్చాను. నాలుగు సీసాలు తెచ్చాం. బ్రూయీ, కోత్ ద్యు రోన్ విలాజ్, షెనిన్, సుర్ లీ మస్కడే. నాలుగూ ఎత్తితే తేలిగ్గా ఉన్నాయి, అది చూసే సగం నమ్మకం కుదిరింది.

బ్రూయీని ముందు ఒక గ్లాసు గది వేడిలో పోశాను, సీసా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి రెండో గ్లాసు పోశాను, రెండూ పక్కపక్కన. మొదటిదాంట్లో ఆల్కహాలు వాసన, రుచి చెల్లాచెదురుగా. రెండోదాన్ని ముక్కు దగ్గర పెట్టగానే ఎర్ర పండు వాసన, మింగాక నోట్లో సన్నటి పులుపు నిలబడింది, మంట లేదు. మావారికి ఏది ఏదో చెప్పకుండా ఇచ్చాను, ఇవి రెండు వేరే వైన్లు కదా అన్నారు. చల్లని గ్లాసు నెమ్మదిగా గది వేడికి వస్తుంటే మధ్యలో ఒక పది నిమిషాలు అన్నిటికంటే బాగుంది, ఆ పది నిమిషాల కోసం ఇప్పుడు తాగిన ప్రతిసారీ చూస్తున్నాను.

షెనిన్ మా ఇంటి వైట్ అయిపోయింది. మస్కడే మావారికి నచ్చింది, నాకు ఇంకా అర్థం కాలేదు, మరీ పల్చగా అనిపిస్తోంది, ఇంకో సీసా చూస్తాను. కోత్ ద్యు రోన్ మొదటి రోజు వగరుగా నోరు పట్టేసింది, చిన్న సీసాలోకి తీసి పెట్టిన సగం ఐదో రోజు తాగితే మెత్తబడి ఉంది. ఇది మామూలేనా? ఇంకోటి, ఎనిమిదో రోజు ఇంకో కోత్ ద్యు రోన్ తెరిస్తే తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది, అదే లేబుల్, అదే సంవత్సరం. మనం ఏమైనా తప్పు చేశామా?

పీపా_కబుర్లు
మొదటిది మామూలే అక్కా, సగం సీసాలోకి వంచినప్పుడు గాలి తగిలింది కదా, కుర్ర రెడ్‌కి ఆ కాస్త గాలి మేలు చేస్తుంది. ఈసారి తాగే గంట ముందు జగ్గులో వంచి చూడండి.

రెండోదాంట్లో మీ తప్పేమీ లేదు. బిరడా చెడితే అలా వస్తుంది, ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం, లీటరుకు కొన్ని నానోగ్రాములుంటే చాలు ముక్కు పట్టేస్తుంది. ఆరోగ్యానికి హాని లేదు కానీ వైన్ చచ్చిపోతుంది, ఎంతసేపు గాలికి పెట్టినా బాగుపడదు. మిగతాది పారబొయ్యకండి, బిరడా పెట్టి కొన్నచోటికి తీసుకెళ్లి వాసన చూపించండి, చాలామంది మార్చి ఇస్తారు.

కొత్త_గ్లాసు
మార్చి ఇచ్చారు! వాసన చూడగానే మారుమాట్లాడలేదు. బదులుగా తురేన్ సోవిన్యో తీసుకున్నాను, మట్టివాసన గారి మాట మీద. స్క్రూ మూతే. ఇప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసి బల్లమీద పెట్టాను, ఇంకో పది నిమిషాలు ఆగాలి.